రాత్రికి ఏం చేద్దాం? చపాతీ, అట్టు, ఉప్మా, సంగటి, కిచిడీల్లో ఏది ఎప్పుడు

ఈ మధ్య ఎవరితో ఫోన్లో మాట్లాడినా చివరికి వచ్చే మాట ఒకటే: "రాత్రికి ఏం చేస్తున్నావ్?" గుంటూరులో ఉన్న మా వదిన ఉప్పుడు పిండి చేసి మాగాయతో పెట్టానంటుంది. పక్కింటావిడ పుట్టిల్లు వరంగల్, వాళ్ళింట్లో సర్వపిండి. అనంతపురం స్నేహితురాలు రాగి సంగటి కెలికి, వేరుశనగ చట్నీ నూరిందట. డాలస్‌లో ఉన్న పిన్ని కూతురు పెసరట్లు పోసింది. మిగతా ఇళ్ళల్లో చాలావరకు చపాతీలే, నిన్నా అవే, ఇవాళా అవే. ఎందుకని అడిగితే రెండు కారణాలు చెబుతారు: తేలిగ్గా అరుగుతాయని ఒకటి, త్వరగా అయిపోతాయని ఇంకొకటి. మొదటిదాని సంగతి కాస్త ఆగి చూద్దాం. రెండోది మాత్రం గడియారం ముందు పెట్టుకుని చూస్తే నిలబడదు.

రాత్రి వంట అనుకోగానే మన మనసులోకి వంటకం పేరు ఒక్కటే వస్తుంది. దానికి ముందు రెండు విషయాలు చూసుకోవాలంటాను. దీనిలోకి నంజుకోవడానికి వేరే ఏం చేయాలి? దీన్ని చేస్తూ పొయ్యి దగ్గర ఎంతసేపు నిలబడాలి? రెండోది ఇంకా ముఖ్యం. ఇంట్లో అందరూ వేడివేడిగా తింటుంటే ఒక మనిషి మాత్రం పెనం ముందు నిలబడి, ఆఖరున ఒంటరిగా తినాల్సి వచ్చే వంటలు కొన్ని ఉన్నాయి. గిన్నె దించి మధ్యలో పెట్టేస్తే వండిన మనిషితో సహా అందరూ ఒకేసారి కూర్చోగలిగే వంటలు కొన్ని. పగలంతా పనిచేసి వచ్చినవాళ్ళకి ఈ తేడా చిన్నదేమీ కాదు. అందుకే మామూలు రోజుల్లో నా మొగ్గు రెండో రకం వైపే.

చపాతీ లెక్క

నలుగురికి పన్నెండు చపాతీలు అనుకుందాం. పిండి కలపడానికి పది నిమిషాలు, అది నానడానికి ఇరవై. ఒత్తి కాల్చడానికి ఒక్కోదానికి రెండు, రెండున్నర నిమిషాలు వేసుకున్నా అరగంట. ఇంకా కూర మిగిలే ఉంది. ఆలూ కుర్మా అయినా, పాలకూర పప్పయినా పాతిక నిమిషాలకి తక్కువ పట్టదు. పిండి నానేలోపు కూర పని చూసుకున్నా మొత్తం గంటకి దగ్గరవుతుంది, అందులో ఎక్కువ భాగం నిలబడి చేసే పనే. ఇదే సమయంలో కుక్కర్లో అన్నం, ఒక చారు, ఒక వేపుడు హాయిగా అయిపోతాయి. అన్నం ఉడికే ఇరవై నిమిషాలూ దాని దగ్గర మనిషి అక్కర్లేదు.

చపాతీ వద్దని కాదు. మధ్యాహ్నం వండిన కూరో పప్పో ఉన్న రోజున చపాతీకి మించింది లేదు. ఇంట్లో ఇంకో రెండు చేతులు సాయం వస్తే, ఒకరు ఒత్తి ఒకరు కాలిస్తే, పన్నెండూ పదిహేను నిమిషాల్లో తేలిపోతాయి. కూర లేకపోయినా చపాతీలే కావాలని పిల్లలు పట్టుబడితే కోడిగుడ్డు పొరటు పది నిమిషాల పని. ఉల్లిపాయ, పచ్చిమిర్చి, ఒక టమాటా మగ్గాక గుడ్లు కొట్టి కలిపితే సరి. పిండి పొద్దున్నే కలిపి, పైన కాస్త నూనె రాసి, మూత బిగుతుగా ఉన్న డబ్బాలో ఫ్రిజ్‌లో పెట్టుకుంటే సాయంత్రానికి బాగానే ఉంటుంది. మర్నాటికి రంగు మారి, సాగే గుణం తగ్గుతుంది, కాబట్టి ఆ రోజుకి ఆ రోజే వాడేయాలి.

ఇక తేలికదనం. వంద గ్రాముల గోధుమపిండిలోనూ, వంద గ్రాముల బియ్యంలోనూ ఉండే కేలరీలు దాదాపు ఒకటే, 320 నుంచి 360 మధ్య. ఒక మామూలు చపాతీకి ముప్పై గ్రాముల పిండి పడుతుంది. మూడు చపాతీలు తిన్నవాళ్ళు తొంభై గ్రాముల బియ్యం వండుకుని తిన్నవాళ్ళకంటే తక్కువ తిన్నట్టు కాదు, పైగా చపాతీ మీద నూనె ఉంటుంది. పొట్టుతో ఆడించిన గోధుమపిండిలో పీచు ఎక్కువన్నది నిజం. అదొక మంచి గుణమే. అసలు మేలు మాత్రం ఇంకోచోట ఉంది: చపాతీలైతే లెక్కపెట్టి తింటాం, అన్నం అలా లెక్కపెట్టం.

హైదరాబాద్ తార్నాకలో ఉన్న జాతీయ పోషకాహార సంస్థ 2024లో సవరించి ఇచ్చిన ఆహార సూచనల్లో, రోజంతా మనకి అందే శక్తిలో ధాన్యాలు, చిరుధాన్యాల వాటా 45 శాతం మించకుండా చూసుకోమంది. ధాన్యాల్లో బియ్యమూ ఉంది, గోధుమా ఉంది, కొర్రలూ ఉన్నాయి. ఒకటి మాని ఇంకొకటి అంతే తింటే ఆ వాటా తగ్గదు. కూర, పప్పు పెరిగి ధాన్యం తగ్గితేనే తగ్గుతుంది. అన్నం వదల్లేని ఇంట్లో షుగర్ ఉన్నవాళ్ళుంటే తెలంగాణ సోనా, అంటే ఆర్‌ఎన్‌ఆర్ 15048 రకం బియ్యం చూడొచ్చు. రాజేంద్రనగర్‌లోని వ్యవసాయ విశ్వవిద్యాలయం తయారుచేసిన సన్నరకం ఇది, మామూలు సన్నబియ్యం కంటే గ్లైసెమిక్ సూచిక, అంటే తిన్నాక రక్తంలో చక్కెర ఎంత త్వరగా పెరుగుతుందో చెప్పే కొలత, తక్కువ. ఎంత తినాలన్నది మాత్రం డాక్టరు చెప్పిందే పాటించాలి.

గిన్నెలో అయిపోయే వంటలు

అలసిపోయిన రోజున నేను ముందుగా చెప్పేది కిచిడీ, పచ్చిపులుసు. ఒక గ్లాసు బియ్యం, అర గ్లాసు పెసరపప్పు, నాలుగున్నర గ్లాసుల నీళ్ళు, పసుపు, ఉప్పు. ముందు కుక్కర్లోనే నెయ్యి వేసి జీలకర్ర, మిరియాలు, అల్లం, కరివేపాకు వేయించి, అందులోనే ఇవన్నీ పోసి మూడు కూతలు రానిస్తే మెత్తగా జారుతుంది. పలుకుగా కావాలంటే నీళ్ళు మూడు గ్లాసులకి తగ్గించాలి. రాయలసీమలో దీనికి దగ్గరి చుట్టం పులగం, పొట్టు పెసరపప్పుతో చేస్తారు, దానికి పల్లీ పచ్చడి ఉండాల్సిందే. తెలంగాణలో కిచిడీకి జత పచ్చిపులుసు.

ఈ పచ్చిపులుసు దగ్గరే ఉంది కిటుకంతా. అది పొయ్యి మీద మరిగేది కాదు. నిమ్మకాయంత చింతపండు గోరువెచ్చని నీళ్ళల్లో నానబెట్టి పిసికి, మూడు గ్లాసుల పలచని రసం తీయాలి. నాలుగు పచ్చిమిరపకాయలు మంట మీద నల్లమచ్చలు వచ్చేదాకా కాల్చి, ఉప్పు, ఉల్లిపాయ ముక్కలతో కలిపి చేత్తో గట్టిగా నలిపి ఆ రసంలో వేయాలి. చిన్న బెల్లం ముక్క, కొత్తిమీర, ఆవాలు జీలకర్ర ఎండుమిర్చి తాలింపు. వేయించిన నువ్వుల పొడి ఒక చెంచా వేస్తే రుచి నిండుగా వస్తుంది. కుక్కరు కూతలు వేసేలోపు ఇదంతా అయిపోతుంది. అంటే మొత్తం వంట ముప్పై నిమిషాలు, నిలబడేది పావుగంట, పప్పు ఉంది కాబట్టి ఒట్టి పిండిపదార్థం తిన్నట్టూ కాదు. అప్పడం ఉంటే చాలు, ఇంకేం అడగరు. పళ్ళు లేని పెద్దవాళ్ళు, ఏడాది నిండిన పిల్లలు, జ్వరం నుంచి లేచినవాళ్ళు, అందరూ తినగలిగింది ఇదొక్కటే. పిల్లలుంటే మిరియాలు ముందు వేయకుండా, వాళ్ళకి విడిగా తీసిపెట్టాక నేతిలో వేయించి మిగతాదాంట్లో కలపాలి.

ఉప్పుడు పిండి కోస్తా జిల్లాల్లో పాతకాలం నుంచీ రాత్రి పలహారం. బియ్యపు రవ్వ ఇంట్లో ఉంటే ఇరవై ఐదు నిమిషాలు. లేకపోతే పొడిబియ్యాన్ని మిక్సీలో బరకగా తిప్పి జల్లించుకోవాలి. జల్లించడం మానేస్తే మెత్తని పిండి అందులోనే ఉండి ముద్దైపోతుంది. రవ్వ పొడిపొడిగా రావడమే దీని అందం. మందపాటి ఇత్తడి గిన్నెలోనో ఇనప మూకుడులోనో నూనె కాస్త ఎక్కువగా వేసి, శనగపప్పు, మినప్పప్పు, ఆవాలు, జీలకర్ర, ఎండుమిర్చి, ఇంగువ, కరివేపాకు వేగాక గ్లాసు రవ్వకి రెండు గ్లాసుల నీళ్ళు పోయాలి. నానిన పెసరపప్పు గుప్పెడు అందులో వేసి, నీళ్ళు తెర్లుతుంటే రవ్వ పోసి కలిపి, మూత పెట్టి సన్నసెగ మీద వదిలేయాలి. దించాక అడుగున ఎర్రగా కాలిన చెక్క కోసం ఇంట్లో పోటీ. నంజుకోవడానికి ఆవకాయో మాగాయో జాడీలో ఉండనే ఉంటుంది. వేరే కూర చేయక్కర్లేకుండా పూర్తయ్యే రాత్రి భోజనాల్లో దీన్ని మించింది నాకు కనబడలేదు. ఉల్లిపాయ లేకుండానే రుచి నిండుగా ఉంటుంది కాబట్టి, శనివారం రాత్రి అన్నం మానేసి పలహారం చేసే ఇళ్ళకి ఇది మొదటి ఎంపిక. కార్తీక సోమవారాలు ఉపవాసం ఉండి నక్షత్రం చూసి తినేవాళ్ళలో చాలామందికి ఇది అలవాటైన వంటే.

బొంబాయి రవ్వ ఉప్మా ఇంతకన్నా త్వరగా, పదిహేను నిమిషాల్లో అవుతుంది. రవ్వ దోరగా వేయించుకుని, ఒకటికి మూడు నీళ్ళు. అయితే ఉప్మా వేడిమీద తినాల్సిందే, అరగంట దాటితే గట్టిపడుతుంది. ఇంటిల్లిపాదీ ఒకేసారి కూర్చునే రోజుకి మాత్రమే బాగుంటుంది.

రాగి సంగటిని కష్టమైన వంటగా చూస్తారు. అలవాటు లేకపోవడమే తప్ప అందులో కష్టం లేదు. గ్లాసు బియ్యం నానబెట్టి ఐదు గ్లాసుల నీళ్ళతో మెత్తగా ఉడికించాలి. ఆ ఉడుకు మీద గ్లాసున్నర రాగిపిండి కుప్పగా పోసి, కలపకుండా మూత పెట్టి, సన్నసెగ మీద ఏడెనిమిది నిమిషాలు ఉంచాలి. తర్వాత దించి తెడ్డుతో ఉండలు లేకుండా కెలకాలి. వెంటనే కలిపేస్తే పిండి ఉండకట్టి లోపల పచ్చిగా ఉండిపోతుంది. తడిచేత్తో ముద్దలు చేసి పళ్ళెంలో పెడితే, మధ్యలో గుంట చేసి నెయ్యి వేసుకోవడమే. పక్కన మాత్రం పులుసుగా ఏదో ఒకటి ఉండాలి. గోంగూర పప్పు, చింతచిగురు పప్పు, వంకాయ పులుసు, ఆదివారమైతే నాటుకోడి పులుసు. అందుకని సంగటిని వారం మధ్యలో కంటే మధ్యాహ్నపు పప్పు మిగిలిన రోజున, లేదా సెలవు రోజున పెట్టుకోవడం మేలు. వంద గ్రాముల రాగుల్లో కాల్షియం మూడు వందల మిల్లీగ్రాములకి పైనే ఉంటుంది. ఈ విషయంలో బియ్యం, గోధుమ దీని దరిదాపుల్లోకి రావు. ఎదిగే పిల్లలున్న ఇంట్లో వారానికొకసారైనా ఉండాలని నా గట్టి అభిప్రాయం.

కొర్రలు, సామలు అన్నంలా వండుకునేవాళ్ళు 2023ని ఐక్యరాజ్యసమితి చిరుధాన్యాల సంవత్సరంగా ప్రకటించాక బాగా పెరిగారు. కొన్ని గంటలు నానబెట్టి ఒకటికి రెండున్నర నీళ్ళు పోస్తే మెత్తబడతాయి. ఇవి కూర ఎక్కువ అడుగుతాయి, ఒట్టి చారుతో పొడిగా అనిపిస్తాయి. బియ్యం స్థానంలో వీటిని కిచిడీలో వేస్తే ఆ ఇబ్బంది ఉండదు.

పెనం వంటల్లో తేడాలు

పెనం మీదవన్నీ ఒక్కలాంటివి కావు. పెసరట్టు, జొన్నరొట్టె పోస్తూ కాలుస్తూ నిలబడాల్సినవి. దిబ్బరొట్టె, సర్వపిండి పొయ్యెక్కించి పక్కకి వెళ్ళిపోవచ్చు. ఈ రెండో జత గురించి కొత్తగా వంట మొదలుపెట్టినవాళ్ళకి తెలియాలని నా కోరిక.

దిబ్బరొట్టెకి గ్లాసు మినప్పప్పు, రెండు గ్లాసుల బియ్యపు రవ్వ లేదా ఇడ్లీ రవ్వ. ఇడ్లీ పిండి మిగిలినా చాలు. మందమైన మూకుడులో నూనె ధారాళంగా వేసి, రెండు అంగుళాల మందాన పిండి పోసి, మూత పెట్టి సన్నసెగ మీద పావుగంట, ఇరవై నిమిషాలు వదలాలి. పైన గరగర, లోపల దూది. ఒక రొట్టె ముక్కలు కోస్తే ఇద్దరికి సరిపోతుంది, రెండు మూకుళ్ళు రెండు పొయ్యిల మీద పెడితే నలుగురూ ఒకేసారి తినొచ్చు. అల్లం పచ్చడి గానీ, బెల్లం పాకం గానీ, ఆవకాయ గానీ ఉంటే సరి. తొందరపడి మంట పెంచితే పైన మాడి లోపల పిండి పిండిగానే ఉంటుంది. ఓపిక లేని రోజున దీని జోలికి వెళ్ళకూడదు.

సర్వపిండికి పప్పు నానే సమయం తప్ప ముందస్తు తయారీ లేదు. బియ్యప్పిండిలో నానిన శనగపప్పు, వేయించి దంచిన పల్లీలు, నువ్వులు, ఉల్లికాడలు, కరివేపాకు, కారం, జీలకర్ర, ఉప్పు వేసి గట్టిగా కలపాలి. నూనె రాసిన చల్లటి గిన్నెలో చేత్తో పలచగా అద్ది, వేలితో చిల్లులు పెట్టి, ఆ చిల్లుల్లో నూనె చుక్కలు వేసి మూత పెట్టాలి. పన్నెండు, పదిహేను నిమిషాల్లో అడుగు ఎర్రగా కాలుతుంది. దీనికి నంజుకునేది ఏదీ అక్కర్లేదు, పెరుగుంటే సంతోషం. ఒక చిక్కుంది: చేత్తో అద్దాలి కాబట్టి రెండో వాయికి గిన్నె చల్లబడే దాకా ఆగాలి, లేదా నీళ్ళ కింద పట్టాలి. రెండు గిన్నెలుంటే ఆ ఆలస్యం ఉండదు.

పెసరట్టు గొప్పతనం పెసల్లోనే ఉంది. వంద గ్రాముల పెసల్లో ఇరవై గ్రాములకి పైగా మాంసకృత్తులు, బియ్యంలో ఏడెనిమిదే. పిండి పులియక్కర్లేదు కాబట్టి చలిదేశాల్లో ఉన్నవాళ్ళకి దోశ పిండి కంటే ఇది ఎంతో నయం. దోశ పిండి అక్కడి చలికాలంలో పొంగాలంటే ఓవెన్‌లోని లైటు వేసి రాత్రంతా పెట్టాలి, పెసలు నాలుగైదు గంటలు నానితే చాలు. పొద్దున్న ఆఫీసుకెళ్ళేముందు నీళ్ళల్లో వేసి వెళ్ళడం గుర్తుండాలి, అంతే. వేసవిలో మన ఊళ్ళల్లోనైతే అలా పగలంతా బయట నానితే వాసన వస్తుంది, ఫ్రిజ్‌లో నానబెట్టాలి. అల్లం పచ్చడి వారానికి సరిపడా చేసి పెట్టుకుంటే రోజూ చట్నీ నూరే పని తప్పుతుంది. నలుగురికి పది అట్లంటే రెండు పెనాలు వాడండి. ఒక్క పెనంతో పోస్తే పోసేవాళ్ళు ఆఖరున తినాల్సిందే.

జొన్నరొట్టె చేయి తిరిగినవాళ్ళకి చపాతీ కంటే సులువు, తిరగనివాళ్ళకి చాలా కష్టం. జొన్నలో గోధుమలో ఉండే జిగురు లేదు. మరిగే నీళ్ళు పోసి కలిపితేనే పిండి అతుక్కుంటుంది. పిండి పాతబడేకొద్దీ అంచులు పగులుతాయి, అందుకే మరలో కొద్దికొద్దిగా ఆడించుకోవాలి. విదేశాల్లో ప్యాకెట్ పిండితో చేసేవాళ్ళు మరుగుతున్న నీళ్ళల్లోనే పిండి పోసి, మూత పెట్టి కాసేపు మగ్గనిచ్చి ఆ తర్వాత మర్దించాలి. నేర్చుకోవడం మొదలుపెట్టేవాళ్ళు వారం మధ్య రాత్రి కాకుండా తీరిక రోజున, ఆకలి ముదరకముందు మొదలుపెట్టడం మంచిది. వంకాయ కూర, పప్పు, కోడికూర, ఏదీ లేకపోతే పచ్చిమిర్చి తొక్కు.

మధ్యాహ్నం అన్నం మిగిలితే

ముందు అది ఎక్కడ ఉందో చూడాలి. పొద్దుటి నుంచి గిన్నెలో, మే నెల ఎండలో, గట్టు మీదే ఉన్న అన్నాన్ని పులిహోర కలపకండి. ఉడికినా చావని సూక్ష్మజీవి ఒకటి, బాసిల్లస్ సీరియస్ అని, అన్నంలో ఉంటుంది. గది వేడిలో అది పెరిగి విడుదల చేసే విషం మళ్ళీ వేడిచేసినా పోదు. వండిన రెండు గంటల్లోపు ఫ్రిజ్‌లోకి వెళ్ళిన అన్నమైతే నిశ్చింతగా నిమ్మకాయ కలపొచ్చు, పోపన్నం చేయొచ్చు. ఒకసారే బాగా పొగలు వచ్చేలా వేడిచేసి, అంతటితో అయిపోయేలా చూసుకోవాలి. నలుగురికి చాలకపోతే ఒక ఉప్మా తోడు చేస్తే సరిపోతుంది. అన్నం చాలినంత ఉంటే, పది నిమిషాల్లో తేలే భోజనం ఇదొక్కటే. పల్లీలు, శనగపప్పు పోపులో దండిగా వేసి పక్కన ఒక ఉడికించిన గుడ్డు పెడితే లోటుండదు.

ఎవరింట్లో ఏది

ఇద్దరే ఉండి, ఇద్దరూ ఆలస్యంగా వచ్చే ఇంటికి కిచిడీ, నిమ్మకాయ అన్నం, ఉప్పుడు పిండి వంతులవారీగా తిరిగితే వారం గడిచిపోతుంది. చపాతీ వారానికి రెండుసార్లు చాలు, అదీ కూర ఉన్న రోజున. పిల్లలు రాత్రి మిగిలింది పొద్దున డబ్బాలోకి కావాలంటారనుకుంటే చపాతీకే నా ఓటు. కిచిడీ, ఉప్మా మర్నాటికి పనికిరావు. అనుకోకుండా చుట్టాలు దిగితే ఉన్న గ్యాస్ పొయ్యిలన్నీ వాడగలిగేది అన్నం, టమాటా పప్పు, బెండకాయ వేపుడు, అప్పడాలు. పెద్ద గిన్నెలో అన్నం ఎంతమందికైనా పెరుగుతుంది, చపాతీలు అలా పెరగవు.

రాత్రి పదకొండుకి డ్యూటీ దిగి వచ్చే మనిషి ఇంట్లో ఉంటే ఎంపిక మారుతుంది. వాళ్ళకోసం తీసిపెట్టింది అప్పటికీ బాగుండాలి. సర్వపిండి చల్లారినా కరకరలాడుతుంది, ఉప్పుడు పిండి మూత కింద మెత్తబడకుండా ఉంటుంది. అలా ఆలస్యంగా వచ్చేవాళ్ళకి దిబ్బరొట్టె ముక్క కూడా పెట్టొచ్చు, పెనం మీద రెండు నిమిషాలు వేడిచేస్తే మళ్ళీ గరగర వస్తుంది. కిచిడీయే చేసి ఉంటే దాన్ని గంటలకొద్దీ గట్టు మీద వదలకుండా ఫ్రిజ్‌లో పెట్టి, వాళ్ళు రాగానే అర గ్లాసు వేడినీళ్ళు, చెంచా నెయ్యి కలిపి పొగలు వచ్చేదాకా పొయ్యి మీద ఉంచి వడ్డించాలి. పచ్చిపులుసుని మాత్రం వేడిచేయకూడదు.